పెట్టెకు పట్టిన పసుపు

మన భాషలో రంగు పోవడానికి ఉన్నన్ని మాటలు రంగు పట్టడానికి లేవు. చీర వెలిసిపోతుంది. చొక్కా మాసిపోతుంది. మొహం పాలిపోతుంది. ఎండన పడితే ఒళ్ళు కమిలిపోతుంది. ఆకు పండిపోతుంది. ఇత్తడి చెంబు చిలుమెక్కుతుంది, పళ్ళు గారపడతాయి. ఏళ్ళ తరబడి క్లాసులో తెలుగు చెప్పుకుని బ్రతుకుతున్నవాణ్ణి గనుక ఈ జాబితాను ఎంత దూరమైనా సాగదీయగలను. కాని ఒక వస్తువు విషయంలో మాత్రం సరైన మాట దొరక్క మూడు వారాలపాటు అవస్థపడ్డాను. 1990 ప్రాంతాల్లో పాలమీగడ రంగులో ఇంటికి వచ్చిన కంప్యూటరు పెట్టె, ఏనాడూ ఎవరూ ఏమీ అనకుండానే, ఇవాళ ఆముదంలో ముంచి తీసిన కాగితంలా తయారై కూర్చుంది. దానికేమయిందనాలి?

వెలిసిందందామా అంటే రంగు తగ్గలేదు సరికదా పెరిగింది. మాసిందందామా అంటే, మాసినదైతే ఉతికితే పోవాలి. గార పట్టిందందామా? చింతపండు, ముగ్గుపిండి, కచిక బూడిద, ఆఖరికి పీతాంబరి పొడి – ఇవన్నీ చేతిలో ఉండగా మన ఇళ్ళలో ఆడవాళ్ళకు లొంగని గార లేదు. ఈ పసుపు మాత్రం వాటిలో దేనికీ లొంగదు. ఎందుచేతనంటే ఇది పైనుంచి వచ్చి పట్టినది కాదు. ప్లాస్టిక్కే తనంతట తాను మారిపోయింది. అందుచేత ఆకుమీదనుంచి మాట అరువు తెచ్చుకుని, 'పండిపోయింది' అనడమే సబబని తీర్మానించాను. పండుటాకును ఎంత తోమితే మాత్రం మళ్ళీ పచ్చబడుతుందా?

ఒక్క తేడా ఉంది. పండిన ప్లాస్టిక్కును తెల్లబరచడానికి మందు ఉంది. ఆ మందు 1818 నుంచీ లోకానికి తెలుసు. ఈ జబ్బుకు అది పనిచేస్తుందన్న సంగతి మాత్రం 2008లో గాని నలుగురికీ తెలియలేదు.

తెలుగు పంతులుకు ఈ గొడవ దేనికని మీరు అడగవచ్చు. మా పేట అటువంటిది. జవహర్‌నగర్ అనగానే నగరం చెత్తంతా గుట్టవేసే జవహర్‌నగర్ అనుకునేరు సుమండీ! మాది ఉప్పలు, నాచారం దగ్గరి జవహర్‌నగర్. ఇక్కడినుంచి ఒక దిక్కుకు పోతే ఈసీఐఎల్. అణుశక్తి శాఖ కింద 1967లో ఆ సంస్థను నెలకొల్పి నడిపించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారి పేరనే ఇవాళ ఏ.ఎస్. రావు నగర్ ఉంది. మన దేశంలోనే రూపొందిన మొదటి తరం కంప్యూటర్లలో చెప్పుకోదగిన టీడీసీ-12 అక్కడినుంచి వచ్చినది 1969లో. ఆ తరువాత 'ఈసీ' టెలివిజన్లు వచ్చాయి. ఇంకొక దిక్కుకు పోతే రామంతాపూరులో దూరదర్శన్ కేంద్రం. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. అనగా ఒక పక్కన టీవీ పెట్టె తయారవుతుంటే రెండో పక్కన అందులోకి బొమ్మ తయారవుతూండేది, మధ్యన మేము. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన పెద్దలు మా చుట్టుపక్కల పేటల్లో ఎందరో. వాళ్ళ అటకలు ఎక్కి చూస్తే ఒక చిన్న ఎగ్జిబిషనే. ఆ మొదటి తరం టీవీలకు ఈ పసుపు జబ్బు లేదు. వాటివి చెక్క పెట్టెలు. చెక్కను చెదలు తింటాయి గాని పసుపు తినదు. జబ్బంతా ఆ తరువాత వచ్చిన తెల్ల ప్లాస్టిక్కుది: కంప్యూటర్లు, కీబోర్డులు, మీటలు నొక్కే టెలిఫోనులు, పిల్లలు టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేము పెట్టెలు.

మా వీధిలో అటువంటి పెద్దాయన ఒకరుండేవారు. పోయి రెండేళ్ళయింది. నేను ఆయన్ను బాబాయిగారనేవాణ్ణి. రిటైరయ్యాక 1997లో ఒక కంప్యూటరు కొన్నారు. కొన్నది మనుమల కోసమని పైకి చెప్పినా, వాడినది మాత్రం ఆయనే. గోదావరి జిల్లాలో తమ ఊళ్ళో చిన్నప్పుడు విన్న మాటలూ సామెతలూ – మగ్గం మాటలు, నాట్ల మాటలు, చేపల పేర్లు – అన్నీ ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ పన్నెండేళ్ళు కూర్చున్నారు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో తెలుగు టైపు చేయడం నేర్చుకున్నది ఆ పెట్టె ముందరే.

క్రిందటి కార్తీకంలో పిన్నిగారికి రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన నాలుగో రోజున నాకు కబురు పంపారు.

"నాయనా, ఆయన పెట్టెకు ఏమైంది? తెచ్చిననాడు మీగడలా ఉండేది. ఇప్పుడు చూస్తే కామెర్ల రోగిలా ఉందేమిటి? నిన్నా మొన్నా బాగానే ఉందే!" అన్నారు.

నిన్నా మొన్నా కూడా అది అలాగే ఉంది. కంటిలోని స్ఫటికం వయస్సుతోపాటు తానూ పసుపెక్కుతుంది. ఆ పసుపు అద్దంలోనుంచి చూసినన్నాళ్ళు పసుపు పెట్టె పసుపుగా కనపడదు. డాక్టరు పాత స్ఫటికం తీసి కొత్తది పెట్టేసరికి ఇల్లంతా ఒక్కసారిగా తన అసలు రంగులో కనబడింది. పచ్చకామెర్ల సామెత మనకు ఉన్నదే గాని, తిరగేసిన సామెత ఇంకా ఎవరూ కట్టలేదు. పిన్నిగారి కోరిక ఒక్కటే: దసరాకు అబ్బాయి అమెరికానుంచి వచ్చేటప్పటికి ఆ పెట్టె తెచ్చిననాటిలా ఉండాలి. అబ్బాయి ఫోనులో చెప్పినది వేరు: "అదింకా ఎందుకమ్మా, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్." ఇంజనీరింగు చదువుతున్న మనుమరాలు మూడో పక్షం. తానే తెల్లగా చేసి చూపిస్తానని నడుము కట్టింది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోక తప్పదు. మూడు సరుకులు కలిపి చేసిన ప్లాస్టిక్కు ఇది. పేరు ఏ.బి.ఎస్. – ఆక్రిలోనైట్రైల్, బ్యూటడైన్, స్టైరీన్. మొదటిది గట్టిదనానికి, మూడవది మెరుపుకు, నడుమనున్న బ్యూటడైన్ రబ్బరు జాతిది గనుక క్రింద పడితే పగలకుండా ఉండడానికి. పిల్లలు ఆడుకునే లెగో ఇటుకలు కూడా 1963 నుంచి దీనితోనే చేస్తున్నారు; తెల్ల లెగో ఇటుకలు పసుపెక్కడానికి అదే కారణం. ఈ ముగ్గురిలో బ్యూటడైన్‌ది మెత్తని మనస్సు. గాలిలోని ప్రాణవాయువు వచ్చి పలకరిస్తే కాదనలేదు. వేడీ, ఎండలోని అతినీల కిరణాలూ మధ్యవర్తులైతే ఆ కలయిక త్వరగా జరుగుతుంది. అప్పుడు పుట్టే కొత్త పదార్థాలు తెల్లని వెలుతురులోని నీలపు భాగాన్ని మింగేస్తాయి. నీలం పోయిన తెలుపు మన కంటికి పసుపు.

రెండో కారణం ఇంకా చిత్రమైనది. విద్యుత్తు నడిచే పెట్టె అంటుకోకుండా ప్లాస్టిక్కులో బ్రోమిన్ కలిసిన మందు కలుపుతారు. పసుపుకు ఈ బ్రోమినే కారణమని 2008 నాటి అభిమానులు గట్టిగా నమ్మారు. బ్యూటడైన్‌దే పెద్ద వాటా అని తరువాతివారు అంటున్నారు. ఒకటి మాత్రం నిశ్చయం. కలిపిన పాళ్ళను బట్టి జబ్బు ముదురుతుంది. 1991లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన సూపర్ నింటెండో అనే ఆటపెట్టె ఉంది. ఒకే పెట్టెకు పైమూత పసుపు, క్రింది డొప్ప తెలుపు! ఒకే ఇంట్లో, ఒకే అరమీద ఉన్నవే. ప్లాస్టిక్కు కలిపిన వాయి వేరు. అత్తగారు వేసిన వాయి ఒకలా, కోడలు వేసిన వాయి మరొకలా వచ్చినట్టు.

"ఎండలో పెట్టారు గనుక పసుపెక్కింది" అని చాలామంది అంటారు. పూర్తిగా నిజం కాదు. అటకమీద అట్టపెట్టెలో చీకట్లో ఉన్నవీ పసుపెక్కుతాయి. ఎండాకాలం మన డాబా కప్పు క్రింద ఉండే వేడి చాలు. బాబాయిగారి పెట్టె మీద ఒక మూల వేంకటేశ్వరస్వామివారి స్టిక్కరు ఉండేది. దాన్ని మెల్లగా లేవదీస్తే అడుగున తెల్లటి చతురం, పాతికేళ్ళనాటి మీగడ రంగు, చెక్కుచెదరకుండా ఉంది. వెలుతురూ గాలీ తగలనిచోట అంత తేడా. పిన్నిగారు ఆ చతురాన్ని వేలితో రాసి చూసి, "ఇదీ అసలు రంగు" అన్నారు. మాకు నమూనా దొరికింది.

ఇక మందు. హైడ్రోజన్ పెరాక్సైడు. 1818లో తెనార్ అనే ఫ్రెంచి రసాయనవేత్త కనిపెట్టాడు. మందుల షాపులో పుండ్లు కడిగేందుకు అమ్మేది అదే; పార్లర్లలో జుట్టు రంగు దింపేది అదే; పళ్ళ డాక్టరు పళ్ళు తెల్లబరచేదీ దాని చుట్టరికమే. నీటి అణువుకు ఒక ప్రాణవాయువు పరమాణువును అదనంగా తగిలించినట్టు ఉంటుంది. ఆ అదనపుది నిలకడగా ఉండదు. వెలుతురు తగిలితే విడివడి, దొరికినదాన్ని పట్టుకుంటుంది. ప్లాస్టిక్కు పైపొరలో నీలాన్ని మింగుతున్న ఆ పదార్థాలను పట్టుకుని తెంపుతుంది. ప్రాణవాయువు తెచ్చిన జబ్బుకు ప్రాణవాయువే మందు. దీనికి 'రెట్రోబ్రైట్' అని పేరుపెట్టినవారు పాత కమడోర్ కంప్యూటర్ల అభిమానులు. పేటెంటు గిటెంటు అనకుండా తయారీ విధానాన్ని లోకానికి ఉచితంగా చెప్పేశారు. అందుకు వాళ్ళకు నమస్కారం.

వెలుతురు రంగును చెరిపేస్తుందన్న సంగతి మన ఇళ్ళలో కొత్తదేమీ కాదు. పప్పు మరక పడ్డ పంచెకు సబ్బు రాయగానే పసుపు కాస్తా ఎర్రబడుతుంది. క్షారం తగిలిన పసుపు గుణం అది. అదే పంచెను జాడించి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మరక సగం మాయం. మరక తీసినది సబ్బు కాదు, సూర్యుడు. చాకిరేవులో చౌడుమట్టి పెట్టి, బానలో ఉడకేసి, ఆపైన ఇసుకతిన్నె మీద పరిచి ఎండబెట్టడంలోని మర్మం కూడా అటువంటిదే. నీలిమందు మాత్రం వేరు పద్ధతి. అది పసుపును తీయదు, తనలోని నీలంతో కప్పిపెడుతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత కీబోర్డులమ్మే ఒకతన్ని అడిగితే నీలిమందు మార్గమే చెప్పాడు:

"నాకియ్యి సార్, స్ప్రే కొట్టిస్తా. కొత్త దాని లెక్క అయితది."

"ఎన్నాళ్ళుంటుందయ్యా?"

"గ్యారంటీ అడగకు సార్. అమ్మేదాక ఉంటది."

అంత నిజాయితీగా చెప్పినవాడి మీద కోపం రాలేదు. కాని రంగు పూస్తే అంచులన్నీ మొద్దుబారతాయి, అక్షరాలు పూడిపోతాయి, గోరు తగిలినచోట పెచ్చు లేస్తుంది. అమ్మకానికి పెట్టిన వస్తువుకైతే చెల్లు. ఇంట్లో ఉంచుకునేదానికి కాదు.

పెరాక్సైడు సీసామీద '20 వాల్యూములు' అని ఉంటే, ఆ ద్రవం తనకు ఇరవై రెట్ల ఘనపరిమాణం గల ప్రాణవాయువును విడుదల చేయగలదని అర్థం. శాతంలో చెప్పాలంటే సుమారు 6. '40 వాల్యూములు' అంటే సుమారు 12. పార్లరు సరుకు, తెల్లని క్రీము రూపంలో ఉండేది, తరచు ఈ రెండో రకం. మన పనికి 6 చాలు. ఈ మాట ఇంత వివరంగా ఎందుకు వ్రాస్తున్నానంటే, మా పిన్నిగారి మనుమరాలు నాచారం పారిశ్రామికవాడలో ఎవరినో పట్టుకుని 50 శాతం పెరాక్సైడు డబ్బా ఒకటి ఇంటికి తెప్పించింది. వంటింట్లో, నూనె డబ్బా పక్కన, మూత గట్టిగా బిగించి పెట్టింది!

చూసి నా ఒళ్ళు జలదరించింది. ఆ గాఢతలో అది తగిలిన చర్మం చూస్తూండగానే తెల్లగా కాలిపోతుంది. కంట్లో చుక్క పడితే చూపే పోవచ్చు. గుడ్డపీలికల మీదో రంపపు పొట్టు మీదో ఒలికితే దానంతటది నిప్పు అంటుకోవచ్చు. ఎప్పుడూ కొంచెం కొంచెంగా ప్రాణవాయువును విడుస్తూండే ద్రవాన్ని గాలిపోయే దారిలేని డబ్బాలో బిగిస్తే డబ్బా పగులుతుంది.

"మావయ్యా, నీళ్ళు కలిపి పలచన చేద్దామనే తెచ్చాను. లెక్క వేశాను కూడా. మెడికల్ షాపులో చిన్న చిన్న సీసాలు, ఖరీదెక్కువ" అంది అమ్మాయి.

లెక్క సరిగ్గానే వేసింది, అందులో దోషం లేదు. కాని పలచన చేసే ముందు డబ్బా వంచాలి కదా? వంచేది చిన్నపిల్ల చేయి, పక్కన నిలబడేది కొత్త కళ్ళ పిన్నిగారు. లెక్కలో ఈ ఇద్దరూ లేరు. ఆ సాయంత్రమే డబ్బాను తెచ్చినవాళ్ళకే అప్పగించి వచ్చాం. ఆడపిల్ల రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. ఉండనిచ్చాను.

మూడో రోజున మందుల షాపు సీసాలతో పని మొదలైంది. పద్ధతి చెబుతాను. ముందుగా ప్లాస్టిక్కు భాగాలను యంత్రంనుంచి విడదీయాలి. కీబోర్డు, మౌసు, సీపీయూ ముందరి పలక – వీటికి భయం లేదు. వైరు పీకి మరలు విప్పడమే. మరలు, స్ప్రింగులు, ఇనుప ముక్కలు వేరే చిప్పలో పోసుకోండి. పెరాక్సైడులో తడిస్తే తుప్పు పడతాయి. విప్పేముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకోవడం మరవకండి. పాత లావుపాటి మానిటరూ, పాత టీవీ మాత్రం విప్పరాదు. రంగుల గొట్టానికి ఇరవై వేల వోల్టులు, అంతకు పైగా కూడా అవసరమవుతాయి. వైరు పీకి పక్కన పెట్టినా ఆ విద్యుత్తు గొట్టంలో చాలాసేపు దాగి ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్ళది.

తరువాత గిన్నెలు తోమే సబ్బుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. జిడ్డు ఉన్నచోట మందు పనిచేయదు. అక్కడ మచ్చగా మిగిలిపోతుంది. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు. క్రీము పూసే పద్ధతి ఒకటి, ద్రవంలో ముంచే పద్ధతి ఒకటి. క్రీములో ఖర్చు తక్కువ, కాని అది ఎండిపోకుండా పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, మాటిమాటికీ మళ్ళీ పూస్తూ ఉండాలి. ఒకచోట దళసరిగా ఒకచోట పలచగా పడిందా, సున్నం సరిగా వేయని గోడలాగ చారలు తేలతాయి. ఆ చారలను మళ్ళీ సరిచేయడం మహా కష్టం. నా ఓటు ముంచడానికే. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో, భాగం పూర్తిగా మునిగేలా ద్రవం పోసి, డాబామీద ఎండలో పెట్టాలి. మూత బిగించకూడదు, దుమ్ము పడకుండా పైన ఊరకే కప్పాలి. బుడగలు పట్టుకుని ముక్క పైకి తేలుతుంది. తేలినచోట గీత పడుతుంది గనుక అరగంటకోసారి తిప్పుతుండాలి. కాఫీ గ్లాసుతో డాబా మీద కూర్చోవడానికి ఇంతకంటె మంచి సాకు దొరకదు.

వేడి ఎక్కువైతే పని త్వరగా అవుతుంది గాని, మన వైశాఖమాసపు ఎండకు పలచని ప్లాస్టిక్కు వంకర తిరిగే ప్రమాదం ఉంది. మాఘ ఫాల్గుణాల ఎండ మంచిది. ఉదయం తొమ్మిదికి పెడితే మూడు గంటలవరకు. మా సీపీయూ పలకకు రెండు పగళ్ళు పట్టింది. రెండో రోజు సాయంత్రం నీళ్ళతో కడిగి, స్టిక్కరు అడుగున దొరికిన చతురంతో పోల్చి చూస్తే, పిన్నిగారి కొత్త కళ్ళకు కూడా తేడా దొరకలేదు.

మెరుగుగా చేస్తామని ఇందులో ఇంకేవీ కలపకండి. వెనిగరు కలిపినా, బ్లీచింగు పొడి కలిపినా గొంతునూ ఊపిరినీ బాధించే వాయువులూ ఘాటు ద్రవాలూ పుడతాయి. గోళ్ళరంగు తుడిచే అసిటోను ఈ ప్లాస్టిక్కును కరిగించేస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే పసుపు పోవచ్చు గాని నునుపు తిరిగి రాదు.

ఇంతవరకు అంతా సవ్యంగానే నడిచింది. గొడవ వచ్చినది కీబోర్డు మీటల దగ్గర.

ఆ కీబోర్డు మామూలు ఇంగ్లీషు కీబోర్డే. తెలుగు కొట్టడానికి బాబాయిగారు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వాడేవారు. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చే ఈ అమరిక 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడింది. మన భాషలన్నిటికీ ఇంచుమించు ఒకటే. అందులో 'కె' మీటమీద క. అదే షిఫ్టు నొక్కితే ఖ. 'జె' మీటమీద ర. షిఫ్టుతో బండి ఱ. అంగడిలో అమ్మే అక్షరాల స్టిక్కర్లు బాబాయిగారికి నచ్చలేదు, తలకట్లు బాగాలేవని. సన్నని పాళీతో, చెరగని సిరాతో, ఒక్కొక్క మీటమీద తామే అక్షరాలు వ్రాసుకున్నారు. ముత్యాల్లాంటి చేవ్రాత. పైన చిన్నదిగా ఖ, క్రింద పెద్దదిగా క. ఇరవై ఏళ్ళు వేళ్ళు తగిలి కొన్ని అరిగాయి. 'ర' దాదాపు పోయింది. బండి ఱ మాత్రం నిన్న వ్రాసినట్టుంది, దాన్ని నొక్కేవాడెవడు!

మీటలు కూడా తొట్టిలో వేస్తే ఈ అక్షరాలు దక్కవు. పెరాక్సైడు తెలుపుకు మిత్రుడు, సిరాకు శత్రువు. ఆ సంగతి చెప్పగానే అమ్మాయి ఫోటో తీసిపెట్టుకుందామంది. పైన కొత్త స్టిక్కర్లు వేద్దామంది. "చుట్టూ తెల్లగా, నడుమ మీటలు పసుపుగా ఉంటే గారపట్టిన పళ్ళలా ఉండదూ, మావయ్యా?" అంది. మాట కాదనలేం. అలాగే ఉంటుంది. ఒక మీటను సగం ముంచి చూద్దామని కూడా అడిగింది. ఏ అక్షరాన్ని ఇద్దాం ప్రయోగానికి? వరుసగా అన్నీ చూశాం. ఇవ్వదగిన అక్షరం దొరకలేదు.

పిన్నిగారు మీటల బుట్ట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆపరేషన్ కాకముందు ఈ అక్షరాలు ఆమెకు ఆనలేదట. ఆయన వ్రాశారని తెలుసుగాని చూడలేదు. "ఇవి ఉండనీ" అన్నారు. ఆపైన బుట్టలోంచి పొడుగాటి మీట ఒకటి తీసి నాకిచ్చారు. స్పేసు బారు. దానిమీద అక్షరమేమీ లేదు. మిగతా అన్నిటికంటె పసుపుగా ఉన్నదీ అదే. ఇది చాలా కీబోర్డుల్లో చూసే వింత. అక్షరాల మీటలు పసుపు తొందరగా పట్టని పి.బి.టి. అనే వేరే ప్లాస్టిక్కుతో చేసి, పొడుగు మీట సరిగ్గా అచ్చు పడదని అది ఒక్కటీ ఏ.బి.ఎస్.తో చేసేవారు. దాన్ని తొట్టిలో వేశాం. మర్నాటికి తెల్లనైంది. ఇప్పుడు మీటల వరుసల క్రింద అదొక్కటీ మెరుస్తూ ఉంటుంది.

ఈ తెలుపు ఎన్నాళ్ళు? ఖచ్చితంగా శాశ్వతం కాదు. మందు పైపొరకు మాత్రమే. లోపలి ప్లాస్టిక్కు పాతదే. కొందరికి ఏడాదిలోనే పసుపు మళ్ళీ వచ్చింది, కొందరికి చాలా ఏళ్ళు ఆగింది. వేడికీ ఎండకూ దూరంగా ఉంచితే నెమ్మదిగా వస్తుంది. పెరాక్సైడు వల్ల ప్లాస్టిక్కు పెళుసెక్కుతుందా అన్నదాని మీద తెలిసినవాళ్ళలో ఏకాభిప్రాయం లేదు. పసుపెక్కిన ప్లాస్టిక్కు అప్పటికే కొంత పెళుసెక్కి ఉంటుంది. కొక్కేలు విప్పేటప్పుడు విరిగితే ఆ నేరం మందుది కాకపోవచ్చు. ఏటేటా ముంచడం మాత్రం నేను సలహా ఇవ్వను. పెరాక్సైడు లేకుండా కడిగిన ముక్కను ఉత్త ఎండలో కొన్నాళ్ళు పెట్టినా చాలావరకు తెల్లబడుతుందని చేసి చూసినవారు చెబుతున్నారు. పసుపెక్కించినవాడే పసుపు తీయడం విడ్డూరంగా ఉంటుంది గాని, పంచె మీద పప్పు మరక చూసినవాళ్ళకు ఉండకూడదు. ఖర్చు లేదు, ప్రమాదం తక్కువ. ముందు అదే ప్రయత్నించండి.

ఇది చదివి ఇంట్లో తెల్లగా ఉండవలసినవన్నీ తొట్టిలో వేయబోయే ఉత్సాహవంతులకు కొన్ని మాటలు. గోడమీది స్విచ్చిబోర్డుకు ఏ ద్రవమూ పూయకండి. కరెంటు ఉన్నచోట తడి పనికిరాదు, పైగా అది వేరే రకం ప్లాస్టిక్కు. పాత రేడియోల నల్లని, గోధుమరంగు బేకలైటుకు ఈ జబ్బు లేదు, ఈ మందూ వద్దు. రంగు ప్లాస్టిక్కులను ముంచితే వాటి రంగు కూడా దిగిపోవచ్చు. సెల్‌ఫోను వెనుక తొడిగే పారదర్శకమైన తొడుగు పసుపెక్కిందా? అది మెత్తని వేరే జాతి. దానికోసం రెండు పగళ్ళు డాబా ఎక్కడం దండుగ, కొత్తది కొనుక్కోండి.

వద్దనుకున్న పాత పెట్టెలను మాత్రం చెత్తతో కలిపి తగలబెట్టనివ్వకండి. ఇల్లు అంటుకోకుండా కలిపిన ఆ బ్రోమిన్ మందే, కాల్చితే విషపు పొగగా మారుతుంది. ఎలక్ట్రానిక్ చెత్తకు మన దేశంలో ప్రత్యేకమైన నిబంధనలు 2012 నుంచి అమలులో ఉన్నాయి. ఇప్పటివి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. అధికారం పొందిన సేకరణదారులకు ఇస్తే సరి. పిన్నిగారి మానిటరును ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని మేము విప్పలేదు గనుక అది పసుపుగానే ఉంది. దానిమీద ఒక ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, పైన గడియారం పెట్టారు. అబ్బాయికి ఫోటో పంపితే, 'ఱ' మీట దగ్గరగా తీసి ఇంకొకటి పంపమన్నాడట.